ముందున్నావిడ వెళ్ళిపోయారు

సూయున్ ఏదీ అడగదు. యూచిన్‌కి ఒళ్ళు మండేది అందుకే. అడిగి తీసుకునేవాళ్ళతో పోట్లాడవచ్చు, లాక్కునేవాళ్ళని నలుగురిలో నిలదీయవచ్చు. అడక్కుండానే అన్నీ ఒళ్ళో వచ్చి పడే మనిషిని ఏమనాలి?

సూయున్ ఆమెకు తోడికోడలు, పెద్దది. తైవాన్‌లో టౌఫెన్ ఊళ్ళోని అత్తవారింట్లో యూచిన్ కంటే నాలుగేళ్ళు ముందు అడుగుపెట్టింది. ఆ నాలుగేళ్ళలో రెండో అంతస్తులో దక్షిణం వైపు గది ఆమెది అయిపోయింది. పెళ్ళై వచ్చిన యూచిన్‌కి మిగిలింది అన్నిటికంటే పైన రేకులు కప్పి కట్టిన మేడగది. ఎండాకాలం పెనం మీద అట్టులా కాలాలి. తుఫాను రోజుల్లో రేకుల మీద వాన హోరుకి మొగుడూ పెళ్ళాలు సైగలతో మాట్లాడుకోవాలి. పన్నెండేళ్ళు అలాగే గడిచాయి. ఆ పన్నెండేళ్ళలో ఒక్కసారైనా సూయున్ తన గది చూసుకుని మురిసినట్టు కనపడలేదు. కనపడి ఉంటే యూచిన్‌కి కాస్త హాయిగా ఉండేది.

కొత్త సంవత్సరం విందుకి కోడిని ఉడికించేది యూచిన్. అత్తగారు తొడముక్క తీసి సూయున్ గిన్నెలో వేసేది. "పెద్దది ముందు తినాలి." సూయున్ ఆ ముక్కని చాప్‌స్టిక్స్‌తో చీల్చి సగం యూచిన్ గిన్నెలో పెట్టేది. దాంట్లో ఎముక ఉండేది కాదు, అయినా ఏటా అది యూచిన్ గొంతులో గుచ్చుకునేది.

అన్నదమ్ములిద్దరూ పనిచేసేది ఒకే చిప్ ఫ్యాక్టరీలో. ఆ ఫ్యాక్టరీ జపాన్‌లో కుమామొతో దగ్గర కొత్తగా ఇంకొకటి కట్టింది. ఇద్దరికీ ఏప్రిల్ నుంచి అక్కడే పని, ఐదేళ్ళు. జనవరిలో భార్యలిద్దరూ ముందు వెళ్ళి ఇళ్ళు చూసి రావాలని ఇంట్లో నిర్ణయమైంది. అత్తగారు ఒక్క షరతే పెట్టింది.

"ఒక ఇంట్లో పొయ్యి మీంచి దించిన సూప్ ఇంకో ఇంటికి చేరేసరికి పొగలు కక్కుతూ ఉండాలి. అంతకంటే దూరం పోయారంటే మీరు అన్నదమ్ములు కారు, చుట్టాలు."

యూచిన్ ఈ ప్రయాణానికి ఏడాది ముందునుంచే సిద్ధమవుతోంది. ఆమె తండ్రి దాహూ కొండల్లో స్ట్రాబెర్రీలు పండించేవాడు. వాళ్ళ వంశంలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. పుస్తకం తెరిచి కూచుంటే రానిదంటూ ఉండదని ఆమె నమ్మకం. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు జపనీస్ క్లాసుకి వెళ్ళింది. ఫ్రిజ్ మీద, అద్దం మీద, బియ్యం డబ్బా మీద కొత్త మాటలు రాసి అంటించింది. కొత్త దేశంలో నోరు తనది. నోరున్న మనిషే ముందు ఎంచుకుంటుంది. జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మిగిలింది కాకుండా నచ్చింది తీసుకోవాలి. ఆమె కోరిక అంతే.

సూయున్ ఒక్క మాట కూడా నేర్చుకోలేదు.

"నేర్చుకోడానికి ఏముందే?" అంది కుమామొతో విమానాశ్రయంలో బోర్డులు చూస్తూ. "అక్షరాలన్నీ మనవే, మనం రాసే చైనా అక్షరాలే. మధ్యమధ్యలో ఈ వానపాములు వాళ్ళవి. వానపాముల్ని వదిలేసి చదివితే సరి."

"అర్థాలు వేరే ఉంటాయక్కా."

"ఇదిగో చూడు, ఈ మందుల పోస్టర్ మీద 'గొప్ప మొగుడు' అని రాసుంది. అక్కడ కూడా. ఈ ఊళ్ళో అందరూ గొప్ప మొగుళ్ళేనా? మన ఇద్దరి మొగుళ్ళనీ వెనక్కి పంపించేసి ఇక్కడే చూసుకుందామా?"

"దాని అర్థం 'ఒంట్లో బాగానే ఉందా' అని అక్కా."

"మొగుడు గొప్పవాడైతే ఒంట్లో బాగానే ఉంటుందిలే," అంది సూయున్. పక్కన నిలబడ్డ తైవాన్ ముసలాయన పకపకా నవ్వాడు. యూచిన్ ఏడాది చదువులో ఎవరినీ అలా నవ్వించలేకపోయింది.

ఇళ్ళు చూపించే ఏజెంటు పేరు కుసనో. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. అతని కారులో మొదటి రోజంతా తిరిగారు. క్యారెట్ పొలాల మధ్య, పశువుల కొట్టాల పక్కన, ఎక్కడ చూసినా కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. నిరుడు తైవాన్‌లోని షిన్‌చూ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాళ్ళు మంచివన్నీ ఏరుకుపోయారు, ఇక మిగిలింది తాలు. ఒక ఇంట్లో గోడ తడితే అట్టపెట్టె తట్టినట్టుంది. ఇంకో ఇంటి కిటికీ తీస్తే ఆవు ముఖం కనపడింది. సూయున్ ఆ ఆవుకి నమస్కారం పెట్టి, "అత్తయ్యా, బాగున్నారా?" అంది. కుసనోకి అర్థం కాకపోయినా నవ్వాడు.

యూచిన్ మాత్రం నవ్వలేదు. ఆమె మనసు రేపటి మీద ఉంది.

డిసెంబర్‌లోనే ఆమె నెట్‌లో ఒక ఇల్లు చూసి పెట్టుకుంది. రెండంతస్తుల చెక్క ఇల్లు. దక్షిణం వైపు వాకిలి, వాకిట్లో కాయలతో వంగిన కమలా చెట్టు, వెనక క్యారెట్ మడులు. అద్దె నమ్మలేనంత తక్కువ. సూయున్‌కి ఒక్క మాట చెప్పలేదు. ఆ ఇంటికి సూప్ చల్లారనంత దూరంలోనే ఒక కొత్త అపార్ట్‌మెంటు కూడా ఉంది. ముందు సూయున్‌కి అది చూపించాలి. లిఫ్టు, తళతళలాడే వంటగది, గుండీ నొక్కితే నిండే స్నానాల తొట్టి. సూయున్ సరే అనగానే, "ఆ మూలనున్న పాత ఇల్లు నేను సర్దుకుంటానులే అక్కా" అనాలి. త్యాగం చేసినట్టు కూడా ఉంటుంది. ఆ మాటని విమానంలో మనసులో పదిసార్లు పలికి చూసుకుంది.

రెండో రోజు అంతా అనుకున్నట్టే జరిగింది, అపార్ట్‌మెంటు కిటికీ దాకా.

సూయున్ వంటగది చూసింది, తొట్టిలో నీళ్ళు నింపించి చెయ్యి పెట్టి చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి నడిచింది.

"యూచిన్, ఆ కమలా చెట్టున్న ఇల్లు ఎవరిది?"

సూప్ చల్లారనంత దూరం అంటే కిటికీలోంచి కనపడేంత దూరమే అని యూచిన్‌కి అప్పుడు తట్టింది.

"ఏమో అక్కా. పాత ఇల్లులా ఉంది."

కుసనో మాత్రం సూయున్ వేలు ఎటు చూపిస్తోందో చూశాడు. అతనికి అనువాదం అక్కర్లేకపోయింది. "ఆ ఇల్లూ మా జాబితాలోనే ఉందండీ. మేడమ్‌గారు డిసెంబర్‌లో రాశారు కదా," అన్నాడు యూచిన్‌తో. ఆ రెండో వాక్యాన్ని ఆమె అనువదించలేదు.

ఇంట్లోకి అడుగుపెట్టగానే సూయున్ మెట్లు గుమ్మానికి ఎదురుగా లేవని చూసుకుంది, పొయ్యి మరుగుదొడ్డికి ఎదురుగా లేదని చూసుకుంది. కింది గదిలో చాపల మీద కాళ్ళు బారచాపుకుని కూచుంది. ఎండ ఆమె ఒళ్ళోకే వచ్చి పడింది. ఎండకి కూడా తెలుసు ఎవరి ఒళ్ళో పడాలో, అనుకుంది యూచిన్.

"ఇక్కడ కూచుంటే మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నట్టుంది," అంది సూయున్. తర్వాత తల ఎత్తి చూసింది. "నీకు కావాలా ఈ ఇల్లు?"

యూచిన్ నాలుక చివర 'కావాలి' ఉంది. పన్నెండేళ్ళుగా ఉంది. కానీ పెద్ద తోడికోడలు ఒక వస్తువు చేతిలో పట్టుకుని నీకు కావాలా అని అడిగితే ఆడపిల్ల అనవలసిన మాట ఒకటుంటుంది. మొదటిసారి వద్దనాలి, రెండోసారి నవ్వాలి, మూడోసారి తీసుకోవాలి.

"లేదక్కా, మీరు తీసుకోండి."

"సరే అయితే," అంది సూయున్. రెండోసారి అడగనే లేదు. ఫోన్ తీసి టౌఫెన్‌కి వీడియో కాల్ చేసింది.

"పెద్దదానికి ఇల్లు, చిన్నదానికి అపార్ట్‌మెంటు. పద్ధతిగా ఉంది," అంది తెర మీద అత్తగారు. "ఆ కమలాపండు ఒకటి కోసి చూపించు. తొక్క మందమా, పలచనా?"

ఇంటి వివరాల కాగితం సూయున్ చేతిలోనే ఉంది. వానపాముల్ని వదిలేసి పైనుంచి కిందికి చదివింది. చిట్టచివర నాలుగు అక్షరాల దగ్గర ఆగింది.

"'తెలియజేయవలసిన విషయాలు ఉన్నవి' అట. మంచి ఓనరు. ట్యాంకు ఎప్పుడు కడుగుతారో, చెత్త ఏ రోజు తీస్తారో అన్నీ ముందే చెప్పేస్తాడన్నమాట."

డిసెంబర్‌లో యూచిన్ కూడా అలాగే చదివింది. తైవాన్‌లో ఏ అపార్ట్‌మెంటు నోటీసు బోర్డు మీద చూసినా అవే నాలుగు అక్షరాలు ఉంటాయి.

మర్నాడు పొద్దున హోటల్లో టిఫిన్‌కి యూచిన్ ముందు దిగింది. నిన్నటి కొత్త మాటలన్నీ నోట్‌బుక్‌లో రాసుకోవడం ఆమె అలవాటు. కాగితం ఫొటో తెరిచి ఒక్కొక్కటే ఫోన్ డిక్షనరీలో సరిచూసుకుంటూ పోయింది. చివరి నాలుగు అక్షరాలూ తెలిసినవే కాబట్టి వదిలేయబోయింది. చదువుకున్న బుద్ధి వదలనివ్వలేదు.

తెర మీద వచ్చిన అర్థాన్ని ఆమె మూడుసార్లు చదివింది. ఇళ్ళ ప్రకటనల్లో ఆ మాట ఉంటే, ఆ ఇంట్లో ఎవరో చనిపోయారని. మామూలు చావు కాదు. అద్దెకి వచ్చేవాళ్ళకి చెప్పి తీరవలసిన చావు.

టౌఫెన్‌లో అలాంటి ఇళ్ళ ముందునుంచి జనం పిల్లల్ని నడవనివ్వరు. ఇల్లు కొనేముందు ఎక్కడ ఎవరు ఉరేసుకున్నారో నెట్‌లో వెతికి మరీ చూసుకుంటారు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన చెంచాని కూడా అత్తగారు గడప దాటనివ్వదు. డిసెంబర్ నుంచి యూచిన్ కలలో ఊడ్చి తుడిచి పూలకుండీలు పెట్టుకున్న ఇల్లు అదే.

సూయున్ పళ్ళెంతో వచ్చి ఎదురుగా కూచుంది. ఉడికించిన గుడ్డు పెంకు తీసి, అడక్కుండానే, యూచిన్ గిన్నెలో వేసింది.

"చెప్పాలి," అనుకుంది యూచిన్. నోరు తెరిచింది కూడా. "అక్కా, ఆ ఇల్లు..."

"ఆ, ఆ ఇంటి గురించే నేనూ అనుకుంటున్నా. కర్టెన్లు లేత ఆకుపచ్చవి వేద్దాం, ఏమంటావు? మా అబ్బాయిలిద్దరికీ కింది గది. ఆ చాపల మీద దొర్లుతారు వెధవలు." సూయున్ టీ ఊదుకుంది. "నీ అపార్ట్‌మెంటు కాస్త ఎత్తే, కానీ ఫరవాలేదు. నువ్వెలాగూ మేడ మీద ఉండటం అలవాటేగా."

ఆ మాటలో విషం లేదు. సూయున్ మాటల్లో ఎప్పుడూ ఉండదు. ఉన్నది ఉన్నట్టు అనేస్తుంది. యూచిన్ నోరు మూసుకుంది. గుడ్డుని చాప్‌స్టిక్స్‌తో రెండుగా కోసి చూసింది. పచ్చసొన సరిగ్గా నడిమధ్యన ఉంది. ఆమె ఉడికిస్తే ఎప్పుడూ ఒక పక్కకి జారిపోతుంది.

'నేనెందుకు చెప్పాలి? చెప్పడం ఏజెంటు పని. ఇవాళ ఆఫీసులో అతనే చెప్తాడు,' అనుకుంది. అతను చెప్పేది ఎవరి నోటి ద్వారా చెప్తాడన్న సంగతి మనసులో ఎక్కడో మెదిలింది. దాన్ని ఆమె తట్టి లేపలేదు.

కుసనో ఆఫీసు స్టేషన్ ఎదురుగా, కింది అంతస్తులో ఉంది. అద్దె ఒప్పందం కంపెనీయే చేసుకుంటుంది. కానీ అందులో ఉండబోయేవాళ్ళు ఇంటి సంగతులన్నీ విన్నామని, సంతకానికి బదులు పేరు చెక్కిన ముద్ర ముందు వెయ్యాలి. సూయున్ తన ముద్ర, యూచిన్ తన ముద్ర బల్ల మీద పెట్టారు. కుసనో తన లైసెన్సు కార్డు చూపించి, వంగి నమస్కరించి మొదలుపెట్టాడు.

చెత్త రోజులు. యూచిన్ చెప్పింది. గ్యాస్. చెప్పింది. భూకంపం వస్తే ఏ బడికి పరుగెత్తాలో. చెప్పింది. ఒక్క మాట తప్పిపోకుండా, ఒక్క మాట ఎక్కువ కాకుండా చెప్పింది. ఏడాదిపాటు చదివింది ఇందుకేనా అనిపించింది.

అప్పుడు కుసనో కుర్చీలో నిటారుగా కూచున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఇది చెప్పడం బాధగానే ఉంటుంది. కానీ చెప్పాలి. ముందు ఆ ఇంట్లో ఉన్న పెద్దావిడ, ఆ ఇంట్లోనే, మరణించారండి."

అతను ఆగాడు. సూయున్ యూచిన్ వైపు తిరిగింది. ముఖం నిండా వెలుతురుతో, ఇంకో చెత్త రోజు గురించి వినబోతున్నట్టు.

"ముందున్నావిడ వెళ్ళిపోయారట," అంది యూచిన్.

అబద్ధం కాదది. చనిపోయినవాళ్ళని చనిపోయారని టౌఫెన్‌లో ఎవరంటారు? వెళ్ళిపోయారనే అంటారు.

"ఎక్కడికి? కొడుకు దగ్గరికా?"

"అది... చెప్పలేదక్కా."

"పాపం. ఆ చెట్టుని వదిలి వెళ్ళాలంటే కష్టమే," అంది సూయున్, నిజంగా జాలిపడుతూ. "కాయలు కోసినప్పుడు ఓ సంచీ పంపిద్దాం ఆవిడకి. అడ్రసు అడుగు."

యూచిన్ అడ్రసు అడగలేదు. సూయున్ నవ్వు ముఖం చూసి కుసనో తికమకపడ్డాడు. "మేడమ్‌గారికి అభ్యంతరం లేదాండీ?"

"లేదటండీ."

"చాలా సంతోషం. తైవాన్‌వాళ్ళు ఇలాంటి ఇంటి గడప తొక్కరని విన్నాను. ఎవరి మాటలూ నమ్మకూడదు," అన్నాడు కుసనో తేలికపడి. లేచి వెళ్ళి లోపలి బీరువాలోంచి ఇంకో కాగితం తెచ్చాడు. సూయున్ ముందు పెట్టి, పసుపు రంగు పూసిన ఒక వరసని చూపించాడు. "ఇక్కడ ముద్ర వెయ్యండి."

సూయున్ కళ్ళజోడు పెట్టుకుంది.

యూచిన్ కూడా ఆ పసుపు వరస వైపు వంగి చూసింది. ఏడాది పొడుగునా తను కుస్తీపట్టింది వానపాములతోనే. కొత్త దేశంలో నోరు తనదొక్కదానిదే అనుకుంది. పెద్దక్షరాలు, ఆ చైనా అక్షరాలు, అందరివీ అన్న సంగతే మరిచిపోయింది. ఆ కాగితం చదవడానికి సూయున్‌కి ఎవరూ అక్కర్లేదు.

సూయున్ వేలు వరస వెంట నడిచింది. సంవత్సరం. నెల. కింది గది. స్త్రీ. వయసు తొంభై ఒకటి. ఆ తర్వాతి రెండక్షరాల దగ్గర వేలు ఆగింది. 'మరణం.' మధ్యలో వానపాములు. 'ఆరు రోజులు.' మళ్ళీ వానపాములు. 'కనుగొనబడెను.'

ఆమె ఆ అక్షరాలని తమ ఊరి పలుకుబడిలో, గొణుగుతున్నట్టు పైకే చదివింది. కళ్ళజోడు తీసింది. కుసనో వైపు చూసి నవ్వింది. నవ్వు అలాగే ఉంచుకుని, గొంతు మార్చకుండా, "యూచిన్, నవ్వు. ఆయన చూస్తున్నాడు," అంది.

యూచిన్ నవ్వింది. చెంపలు కొయ్యబారిపోయాయి.

"వెళ్ళిపోయారన్నావు."

"మనం అలాగే అంటాం కదక్కా."

"అంటాం. మా నాన్న పోయినప్పుడు నీకు ఫోన్ చేసి నేనూ అదే మాటన్నాను. ఎక్కడికి అని నువ్వు అడగలేదే."

కుసనో ఇద్దరి నవ్వు ముఖాలూ చూసి తనూ నవ్వి, టీ తేవడానికి లేచాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"పొద్దున్నించి."

"గుడ్డు ముందా, గుడ్డు తర్వాతా?"

"...ముందు."

సూయున్ కళ్ళజోడు మడిచి బల్ల మీద పెట్టింది. బయట రైలు ఆగి వెళ్ళింది. "నా పిల్లలిద్దర్నీ ఆ కింది గదిలోనే పడుకోబెడతానని నీకు చెప్పాను."

"మీకు అడక్కుండానే అన్నీ వస్తాయక్కా," అంది యూచిన్. ఇన్నేళ్ళ మాట ఇంత చిన్నగా బయటికొస్తుందని ఆమె అనుకోలేదు. "గదీ మీదే. అత్తయ్యా మీ మనిషే. ఆ ఇల్లు నేను చూశాను, డిసెంబర్‌లో. నేను ముందు చూశాను."

"మరి నిన్న అడిగానుగా, నీకు కావాలా అని."

"మర్యాదకి వద్దన్నాను."

"మర్యాదకా!" సూయున్‌కి నవ్వు ఆపుకోవడం మొదటిసారి కష్టమైంది, అది ఏ రకం నవ్వో యూచిన్‌కి అంతుపట్టలేదు. "మా ఇంట్లో తొమ్మిదిమందిమి. పళ్ళెంలో చెయ్యి పెట్టనివాడికి ఆకలి లేదని లెక్క. నువ్వు వద్దంటే వద్దనే అనుకున్నాను. ఈ పన్నెండేళ్ళలో ఇంకా ఎన్నిటికి వద్దన్నావే నువ్వు, మర్యాదకి?"

యూచిన్ లెక్కపెట్టడం మొదలుపెట్టి ఆపేసింది.

కుసనో మూడు కప్పుల టీతో వచ్చి కూచున్నాడు. సూయున్ అతనికి తల వంచి కృతజ్ఞత చెప్పింది. పసుపు వరస ఉన్న కాగితాన్ని రెండు చేతులతో, ఎంతో గౌరవంగా, యూచిన్ వైపు తిప్పింది. యూచిన్ ముద్రని దాని పక్కన పెట్టింది.

"తీసుకో."

"అక్కా..."

"నువ్వు ముందు చూసిన ఇల్లు. తీసుకో. అత్తయ్యకి నేనేమీ చెప్పను. పోయినావిడ నా పిల్లల్ని ఏం చేసి ఉండేదో నీ పిల్లనీ అదే చేస్తుంది. అంతకంటే ఎక్కువేం చెయ్యదు." ఇప్పుడు సూయున్ నవ్వడం లేదు. "వద్దంటావా? వద్దంటే మాత్రం మర్యాదకి అని చెప్పకు."

వద్దనడానికి దారి లేదని యూచిన్‌కి అర్థమైంది. తన కూతురు పడుకోడానికి పనికిరాదన్న గదిలో వాళ్ళ పిల్లల్ని పడుకోబెట్టబోయిందని, ఆ ఒక్క 'వద్దు' సాక్ష్యం చెప్తుంది. సూయున్ ఎవరికీ చెప్పదు. కానీ యూచిన్ ప్రతి విందులో ఆమె ఎదురుగా కూచోవాలి కదా.

ఆమె కుసనో వైపు తిరిగింది. ఈ మూడు రోజుల్లో మొదటిసారి తన కోసం ఒక ప్రశ్న అడిగింది. "ఆ పెద్దావిడ పేరేమిటండీ?"

కుసనో కొంచెం ఆశ్చర్యపోయాడు. అలా ఎవరూ అడగరు కాబోలు. "హినోకుమా గారండి. ఆ వెనక క్యారెట్ మడులు ఆవిడవే. ముందురోజు కూడా పొలంలో ఉన్నారట. నిద్రలోనే పోయారన్నాడు డాక్టరు. కొడుకులు దూరం. ఆరో రోజున పాలు పోసే అమ్మాయి చూసింది."

నిద్రలో పోయింది. అంతే. ఉరి కాదు, కత్తి కాదు. అయినా ఆరు రోజులు. యూచిన్ ఆ ఆరు రోజుల్నీ ఆ ఎండలో, ఆ చాపల మీద ఊహించకుండా ఉండటానికి ప్రయత్నించింది, కుదరలేదు. మొగుడికి ఏం చెప్పాలో, ఏ గుడినుంచి ఏ రక్షరేకు తెచ్చి ఏ గుమ్మానికి కట్టాలో ఆలోచిస్తూనే ముద్రని ఎర్ర సిరాలో అద్దింది. కాగితం మీద గట్టిగా నొక్కింది. పేరు స్పష్టంగానే పడింది.

ఇల్లు ఆమెదైంది. కమలా చెట్టు, దక్షిణం వాకిలి, క్యారెట్ మడులు. కోరుకున్నదంతా. సంతోషం ఎక్కడైనా ఉందేమోనని లోపల వెతుక్కుంది. పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిట్లో చెప్పుల కోసం వెతికినట్టుంది.

కుసనోకి ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు. ఇల్లు చిన్నావిడ తీసుకుందనీ, ఇప్పుడు సూయున్‌కి ఒకటి కావాలనీ మాత్రం తెలిసింది. అపార్ట్‌మెంటు కాగితం తీయబోయి, ఏదో గుర్తొచ్చినట్టు నుదురు కొట్టుకుని, కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ప్రింటర్ గుర్రుమంది. ఇంకా వేడిగా ఉన్న కాగితం తెచ్చి సూయున్ ముందు పెట్టాడు.

"ఇది ఈ పొద్దున్నే వచ్చిందండీ. ఇంకా నెట్‌లో కూడా పెట్టలేదు. ఆ ఇంటికి క్యారెట్ మడి అవతల, నడిస్తే రెండు నిమిషాలు."

సూయున్ కళ్ళజోడు పెట్టుకోలేదు. కాగితాన్ని యూచిన్ వైపు జరిపింది.

"నువ్వే చదువు. వానపాములు కూడా వదలకుండా చదువు."

యూచిన్ కాగితం అందుకుంది. మొదటి వరస చూడగానే ముఖంలోకి వేడి తన్నుకొచ్చింది. మళ్ళీ చూసింది. తప్పు లేదు. సూయున్ అడగలేదు, వెతకలేదు, డిసెంబర్‌లో రాత్రింబవళ్ళు ఫోన్ పట్టుకుని కూచోలేదు. టీ తాగుతూ కూచుంది, అంతే.

"చదువు మరి," అంది సూయున్.

"కొత్త ఇల్లు," అంది యూచిన్. "ఎవరూ ఉండలేదు ఇంతవరకూ. రెండంతస్తులు. దక్షిణం... దక్షిణం వైపు నాలుగు కిటికీలు. పై అంతస్తు నుంచి ఆసో కొండ కనపడుతుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండ ఉంటుంది." ఒక్కొక్క మాట నోట్లోంచి పన్ను ఊడదీసినట్టు వస్తోంది. చిట్టచివరి వరస దాకా వచ్చింది. ఆ నాలుగు అక్షరాల కోసం కాగితం కింద, అంచుల్లో, వెనక కూడా వెతికింది. అవి లేవు.

"ఇంకేమైనా ఉందా?"

ఒక వరస మిగిలింది. మింగేస్తే సూయున్‌కి తెలియదు. అన్నీ వానపాములే, ఒక్క పెద్దక్షరం లేదు.

"పెరట్లో కూరగాయలు పండించుకోడానికి జాగా ఉందట," అంది యూచిన్. "విడిగా అద్దె ఏమీ లేదట. ఎంత కావాలంటే అంత దున్నుకోవచ్చట."